కన్సాలిడేషన్ యంత్రంలో ఉప్పు: అణు వ్యర్థాల పాఠం

అణు వ్యర్థాలను భూమి లోపలి ఉప్పు పొరల్లో దాస్తే భద్రమని ఎందుకంటారో సివిల్ విద్యార్థులకు చూపించడానికి మా కోనసీమ ల్యాబులో ఉన్న సరంజామానే సరిపోయింది. ఇక్కడి నల్ల బంకమట్టి ఎంత కుంగుతుందో చూసే కన్సాలిడేషన్ యంత్రంలో మట్టికి బదులు ఉప్పు వేశాం. వ్యర్థాలు దాచే ఉప్పుగనిలో సొరంగాలను ఉప్పు పొడితోనే పూడుస్తారు. చుట్టూ ఉన్న ఉప్పురాయి మెల్లగా లోపలికి జరిగి నొక్కుతుంటే ఆ పొడి మళ్లీ రాయవుతుందా అన్నదే ఇక్కడ ప్రశ్న.

సగం పని ఉప్పు దగ్గరే ఉంది. బజారు కళ్లుప్పులో మెగ్నీషియం క్లోరైడ్ ఉంటుంది, మన గాలిలో అది చెమ్మ లాగుతూనే ఉంటుంది. శుద్ధమైన ఉప్పయినా గాలిలో తేమ 75 శాతం దాటితే నీరుకారుతుంది. గోదావరి పక్కన ముసురు పట్టిందంటే అది మామూలే. అందుకని ల్యాబ్ గ్రేడు ఉప్పు తెచ్చి, 1.18 మి.మీ. జల్లెడ దిగి 600 మైక్రాన్ల జల్లెడ మీద నిలిచినదాన్ని 105 డిగ్రీల ఓవెన్లో ఆరబెట్టి, తేమ తగలకుండా దాచే డెసికేటర్ పాత్రలోంచి తీస్తూనే తూచాం.

రింగు వ్యాసం 60 మి.మీ., ఎత్తు 20 మి.మీ. అందులో 79 గ్రాములు పోస్తే ఖాళీలు దాదాపు 35 శాతం. ఒక నమూనా పొడిది. రెండోదానికి 0.8 గ్రాముల తడి కలపాలి, అదీ ఉప్పు ఇక కరగనంత చిక్కటి ఉప్పునీరే. మంచినీళ్లు పోస్తే గింజలే కరిగిపోతాయి. మట్టికి చేసినట్టు సెల్ (రింగు కూర్చునే గిన్నె) నిండా నీళ్లు నింపే పని లేదు.

బరువు వేయగానే పొడి నమూనా ఒక్కసారి దిగి దాదాపు ఆగిపోతుంది. తడిది రోజుల తరబడి దిగుతూనే ఉంటుంది: గింజలు ఒరుసుకునే చోట ఒత్తిడికి ఉప్పు కరిగి, పక్క ఖాళీలో మళ్లీ గడ్డకడుతుంది. లెక్క తేలిక. 20 మి.మీ. ఎత్తులో ఖాళీలు పోను గట్టి ఉప్పు వాటా 13 మి.మీ.; కుంగుదల కొలిచే డయల్ గేజు 3 మి.మీ. దిగినట్టు చూపితే మొత్తం ఎత్తు 17, ఖాళీలు 23.5 శాతం.

నమూనాకు కిందా పైనా పెట్టే, నీరు పారే పోరస్ రాళ్లతోనే తలనొప్పి. తడి ఆరితే వాటి రంధ్రాల్లో ఉప్పు పేరుకుపోతుంది, కాబట్టి సెల్‌కు పాలిథిన్ బిగించి చుట్టాలి. ఇత్తడి రింగు చిలుము పడుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలుదే వాడాలి. లోపలి గోడకు సిలికాన్ గ్రీజు పల్చగా రాయకపోతే బరువులో కొంత రాపిడికే పోతుంది. రీడింగు రోజూ ఒకే వేళకు తీయాలి. పగటి ఎండకూ రాత్రి చల్లదనానికీ డయల్ గేజు సూది కదులుతుంది.

మా యంత్రం ఒత్తిడి 1,600 కిలోపాస్కళ్ల దగ్గర ఆగుతుంది. అమెరికాలోని కార్ల్స్‌బాడ్ దగ్గర 655 మీటర్ల లోతున, ఉప్పు పొరలో అణు వ్యర్థాలు దాచే విప్ (WIPP) గనిలో రాతి ఒత్తిడి దీనికి దాదాపు తొమ్మిది రెట్లు. అంటే ఈ పరీక్ష ఉప్పు ఎలా మూసుకుంటుందో చూపిస్తుందే తప్ప, గని భద్రమని నిరూపించదు. ఇక్కడే పిల్లలు తొందరపడతారు.

జర్మనీలోని ఆస్సే సంగతి చూడండి. 1967 నుంచి 1978 వరకు ఆ పాత ఉప్పుగనిలో 1,26,000 దాకా డ్రమ్ములు దించారు. ఉప్పు గుట్ట అంచుకు మరీ దగ్గరగా గదులు తవ్వేసిన గని అది. ఉప్పు జరిగే కొద్దీ పక్క రాళ్లు బీటలు వారాయి. మనం మెచ్చుకునే గుణమే అక్కడ దారి తెరిచింది. 1988 నుంచి రోజుకు దాదాపు 12 ఘనపు మీటర్ల ఉప్పునీరు లోపలికి వస్తోంది. 2014లో విప్‌లో డ్రమ్ము పగలడంలో మాత్రం ఉప్పు తప్పేమీ లేదు. నైట్రేట్ వ్యర్థంలో తడి పీల్చడానికి సేంద్రియ 'పిల్లి ఇసుక' (పెంపుడు పిల్లుల మలమూత్రాల కోసం వాడే పొడి) కలిపారు, ఆ రెండూ చర్య జరిపి వేడెక్కాయి.

మిగిలింది డ్రిల్లింగ్, అంటే ఎవరైనా బావి తవ్వుతూ వ్యర్థాల దాకా రంధ్రం చేసే ప్రమాదం. నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే. విప్ చుట్టూ చమురు, గ్యాస్ బావులే. కాపలా, కంచె పనిచేస్తాయని అక్కడి లెక్కలో మొదటి 100 ఏళ్లకు మించి నమ్మడానికి వీల్లేదు. ఆ తర్వాత ఎవరో ఒకరు తవ్వుతారనే అనుకుని, గడచిన 100 ఏళ్ల డ్రిల్లింగ్ వేగాన్నే కొనసాగించి, 10,000 ఏళ్లలో ఎంత రేడియోధార్మికత బయటపడుతుందో లెక్కగట్టాలి. "అంత లోతు ఎవరు తవ్వుతారు సార్" అనే ప్రశ్న మా క్లాసులో పుట్టదు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి 65 రోజులు మండిన నేల ఇది.