కాంక్రీటు పడకముందు

ఆర్కిటెక్చర్ మూడో ఏడాదిలో మా డిజైన్ ప్రాజెక్టు ఒక పల్లెటూరి గ్రంథాలయం. గుమ్మం ముందు మీటరున్నర కానోపీ, అంటే గోడలోంచి ముందుకు చాచిన కప్పు, పెట్టాను, కింద ఒక్క స్తంభం కూడా లేకుండా. కాగితం మీద అది ఒకే ఒక్క సన్నటి గీత. దానికోసం రెండు రాత్రులు మేలుకున్నాను.

మా మేడం ఆ గీత మీద వేలు పెట్టి, "ఇది ఎంత మందం అమ్మా? కడ్డీ ఎక్కడొస్తుంది?" అని అడిగారు.

"కింది వైపు మేడం, స్లాబులో లాగే" అన్నాను.

ఆవిడ ఏమీ అనలేదు. బల్ల మీది పెద్ద రబ్బరు తీసుకుని పై వైపు బ్లేడుతో చిన్న గాటు పెట్టారు. ఒక చివర తను బిగించి పట్టుకుని, రెండో చివర నన్ను నొక్కమన్నారు. నొక్కగానే గాటు నోరు తెరిచింది. తిరగేసి నొక్కితే మూసుకుపోయింది. "ఎక్కడ నోరు తెరుస్తుందో అక్కడ కడ్డీ ఉండాలి" అన్నారు.

ఇలా ఒక చివరే ఆధారం ఉండే కాంటిలీవర్‌కి మెయిన్ రాడ్లు పైన ఉంటాయని అంతకుముందే పరీక్షలో బొమ్మ వేసి మరీ రాశాను. మార్కులూ వచ్చాయి. కానీ కన్‌స్ట్రక్షన్ క్లాసు సోమవారం, డిజైన్ స్టూడియో బుధవారం. నా బుర్రలో ఆ రెండూ ఎప్పుడూ కలుసుకోలేదు. వాటిని ఒకే బల్ల మీదికి తెచ్చింది మేడమే. మన కాలేజీకి నేను రుణపడింది అన్నిటికంటే ఎక్కువగా దానికే.

మర్నాడు పొద్దున్నే మమ్మల్ని ఒక సైటుకు తీసుకెళ్ళారు. సెంట్రింగ్ మీద, అంటే కాంక్రీటు గట్టిపడేదాకా మోసే చట్రం మీద, సన్‌షేడ్ కడ్డీలు కడుతున్నారు. కుర్చీల్లా వంచిన రాడ్ ముక్కలు చూపించి మేస్త్రి చెప్పాడు: "పై కడ్డీ వీటి మీదే నిలబడుతుందమ్మా. కాంక్రీటు పోసేటప్పుడు ఎవరైనా తొక్కితే కిందికి దిగిపోద్ది. పైకి ఏం కనబడదు. సెంట్రింగ్ విప్పిన రోజు తెలుస్తుంది."

తిరిగొచ్చి లెక్క వేశాను. కాంక్రీటు కట్టడాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం కాంటిలీవర్ పొడవును 7తో భాగిస్తే వచ్చే లోతుతో మొదలుపెట్టాలి. అంటే నా కానోపీకి దాదాపు 21 సెంటీమీటర్లు. సన్నటి గీత పోయింది. గోడ దగ్గర మందంగా మొదలై అంచుకు వచ్చేసరికి పల్చబడే కానోపీ వచ్చింది. వాన నీరు గోడవైపు పాకకుండా అంచు కింద ఒక గాడి కూడా పెట్టాను. మొదటిదానికంటే ఇదే అందంగా ఉందని ఇప్పటికీ గట్టిగా అంటాను.

ఆ సెమిస్టర్‌లోనే తక్కువ ఖర్చు ఇళ్ళకు పేరుపడ్డ ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో విరివిగా వాడిన ర్యాట్ ట్రాప్ గోడను వర్క్‌షాపు వెనక కట్టాం. ఇటుకను పక్కమీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదులుతూ కడతారు. మామూలు తొమ్మిదంగుళాల గోడతో పోలిస్తే ఇటుకలు దాదాపు నాలుగో వంతు తగ్గుతాయి. మేం ఇటుకలు నానబెట్టడం మర్చిపోయాం. సిమెంటు మాలులోని నీరంతా అవే పీల్చేసుకుని, మర్నాటికి చేత్తో లాగితే ఊడొచ్చాయి. విప్పి మళ్ళీ కట్టాం. ఆ తర్వాత నా కిటికీల కొలతలన్నీ ఇటుక లెక్కలోనే పడ్డాయి.

ఈ సంచిక చదివే మన కాలేజీ పాత విద్యార్థుల్లో చాలామందికి సైట్లు నడుస్తున్నాయి. స్లాబు వేసే ముందురోజు కాలేజీకి ఒక్క ఫోన్ చేయండి, పిల్లలు వస్తారు. తెల్లారి కాంక్రీటు పడిందంటే వాళ్ళకు చూడ్డానికి కడ్డీలు మిగలవు.