మైలుతుత్తంలో నీటి తూకం: తోట షెడ్డులో చేసిన ప్రయోగాల చిట్టా

జూన్ 14

మా బత్తాయి తోట నల్లగొండ నుంచి తిప్పర్తి వెళ్లే దారిలో ఉంది. బంక తెగులు రాకుండా చెట్ల మొదళ్లకు పూసే బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) కోసం తెచ్చిన మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, సంచి ఒకటి, మూతి సరిగా కట్టని కారణంగా ఎండాకాలమంతా రేకుల షెడ్డులో తెరుచుకునే ఉండిపోయింది. ఈ వారం చూస్తే పైపొరలోని పలుకులు నీలం వన్నె తగ్గి, విభూతి చల్లినట్టు తెల్లబారి ఉన్నాయి. పొడిగాలికి మైలుతుత్తం తనలోని స్ఫటిక జలాన్ని, అంటే స్ఫటికంలో భాగంగా పట్టి ఉన్న నీటిని, మెల్లగా వదులుకుంటుంది. వంద లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం అనే ఒక శాతం బోర్డో మిశ్రమం లెక్కలో ఆ కిలో అంటే ఒక్కో కాపర్ సల్ఫేట్‌కు ఐదు నీటి అణువులు పట్టి ఉన్న నీలి స్ఫటికమే. కొంత నీరు పోయిన సరుకును అదే కిలో తూచి వేస్తే రాగి ఎంత ఎక్కువ పడుతుందో తేల్చుకోవాలనిపించింది.

లెక్క సులువైనదే. నీలి స్ఫటికం అణుభారం 249.68, అందులో ఐదు నీటి అణువులది 90.08, అంటే బరువులో 36.08 శాతం నీరు. తూచి, వేడి చేసి, మళ్లీ తూస్తే తగ్గిన బరువే నీరు. సంచి సరుకు జోలికి వెళ్లే ముందు పద్ధతి కుదరాలని ప్రయోగశాల రకం మైలుతుత్తం సీసా ఒకటి తెచ్చుకున్నాను. బంగారం తూచే చిన్న కాటా 0.01 గ్రాము వరకు చూపిస్తుంది. మూతతో కూడిన పింగాణీ మూస (మంట మీద పెట్టే చిన్న గిన్నె), పట్టకారు, స్పిరిటు దీపం ఉన్నాయి. వంటింటి గిన్నె ఒక్కటీ ఈ పనికి వాడలేదు, వాడకూడదు కూడా, మైలుతుత్తం విషం.

జూన్ 15

ఖాళీ మూస 23.46 గ్రాములు, ఉప్పుతో (ఈ చిట్టాలో ఉప్పు అంటే మైలుతుత్తమే) 28.52. అంటే ఉప్పు 5.06. స్పిరిటు దీపం మీద పన్నెండు నిమిషాలు ఉంచితే పైన తెల్లబడింది కానీ అడుగున లేత నీలం మిగిలింది. తూకం 26.82. తగ్గినది 1.70, అంటే 33.6 శాతం. మిగిలినదంతా నీరులేని ఉప్పే అనుకుని నీటి అణువుల సంఖ్య కడితే 4.48 వచ్చింది.

దీనికి రెండు కారణాలు కనిపించాయి. మొదటిది, ఐదు అణువులూ ఒకే వేడికి పోవు. మొదటి రెండు సుమారు 63 డిగ్రీల దగ్గర, తరువాతి రెండు 109 దగ్గర, ఆఖరుది 200 డిగ్రీల చేరువలో గానీ కదలవు. రెండవది, మూసను బల్ల మీద ఆరబెట్టి తూస్తుండగా కాటా అంకె 26.82 నుంచి 26.83కు, కొద్ది నిమిషాల్లో 26.85కు పాకింది. తొలకరి పడ్డ మర్నాటి గాలిలోని తేమను ఆ తెల్లపొడి పీల్చుకుంటోంది. పోనీ వేడిగా ఉన్నప్పుడే తూద్దామా అంటే, మూస చుట్టూ పైకి లేచే వేడిగాలి కాటాను తేలికగా చూపేలా చేస్తుంది. చల్లారాలి, కానీ తేమ తగలకూడదు. దానికి మందు తోటలోనే దొరికింది: బోర్డో కోసం తెచ్చిన, ఇంకా నీళ్లు పోయని కాల్చిన సున్నపు రాళ్లను వెడల్పు మూతి గాజు జాడీ అడుగున పోసి, పైన జల్లెడ తీగ పెట్టి, మూసను అందులో ఇరవై నిమిషాలు చల్లార్చడం మొదలుపెట్టాను. ఆ తరువాత కాటా అంకె పాకడం ఆగిపోయింది.

జూన్ 22

స్పిరిటు దీపం చాలదని చిన్న గ్యాసు పొయ్యి తెచ్చాను. ఉప్పు 5.02 గ్రాములు. మంట ఒక్కసారిగా పెంచడంతో పలుకులు చిటపటమని పగిలి, మూత లేని మూసలోంచి కొన్ని బయటికి ఎగిరాయి. తగ్గినది 1.91, శాతం 38.0, అణువులు 5.44. ఎగిరిపోయిన ఉప్పు కూడా నీటి ఖాతాలో పడిందన్నమాట. ఇకమీదట పలుకులను ముందుగా నూరి పొడి చేయాలని, మూత కొంచెం ఓరగా పెట్టాలని రాసుకున్నాను.

జులై 6

ఈసారి ఇంటర్ చదివే మా తమ్ముడి కొడుకు పక్కన ఉన్నాడు. ఉప్పు 4.97, మూసతో 28.43. సన్నమంట మీద మొదటి విడత తరువాత 26.71, రెండవ విడత తరువాత 26.64. వరుసగా రెండు తూకాలు కలిసేదాకా వేడి చేయాలి కాబట్టి మూడవ విడత పెట్టడం సరైనదే, కానీ తొందరలో మంట పెంచాను. “పెద్దబాపూ, అంచు నల్లబడుతోంది, జర తగ్గించు” అని వాడు అనేసరికే ఆలస్యమైంది. ముక్కుకు ఘాటు తగిలింది. కాపర్ సల్ఫేటే విడిపోయి నల్లని కాపర్ ఆక్సైడుగా మారుతూ గంధకపు పొగ వదులుతోంది. తూకం 26.55, నష్టం 37.8 శాతం. షెడ్డు తలుపులు తెరిచి ఉండబట్టి సరిపోయింది.

ఈ మూడు తప్పుల్లో నాకు ఉపయోగపడినది తప్పు పడిన దిక్కు. 36 కంటే తక్కువ వస్తే వేడి చాలలేదు, లేదా చల్లారేటప్పుడు తేమ పట్టింది. ఎక్కువ వస్తే పొడి ఎగిరింది, లేదా ఉప్పు కాలింది. కాటాను అనుమానించే ముందు ఇది చూడాలి.

జులై 20

నేరు మంటను వదిలేసి, ఇనుప మూకుట్లో ఇసుక పోసి, దానిలో మూసను సగం దాకా పాతి వేడి చేశాను. మల్టీమీటరుకు తగిలించే ఉష్ణోగ్రత తీగ ఇసుకలో 250, 270 మధ్య చూపేలా మంటను సర్దాను; ఇది ఆఖరి నీటి అణువు పోవడానికి చాలినంత, ఉప్పు కాలే వేడికి చాలా దిగువ. కడిగి కాల్చిన ఖాళీ మూస ఈసారి 23.45 చూపింది కాబట్టి పాత అంకెను వాడలేదు. ఉప్పుతో 28.51. నలభై నిమిషాల తరువాత 26.74, మరో ఇరవైకి 26.69, మరో ఇరవైకి 26.68. అక్కడ ఆపాను. తగ్గినది 1.83, అంటే 36.2 శాతం, అణువులు 5.02.

ఈ ఫలితాన్ని చూసి పొంగిపోనవసరం లేదు. ఒక్కో తూకంలో 0.01 తేడా ఉండవచ్చనుకుంటే రెండు తూకాల భేదంలో 0.02 దాకా తప్పు రావచ్చు. ఐదు గ్రాముల ఉప్పుకు అది 0.4 శాతం. అంతకంటే దగ్గరగా రావడంలో కొంత అదృష్టం ఉంది. తెల్లపొడి మీద ఒక్క నీటిచుక్క వేస్తే బుస్సుమని వేడెక్కి మళ్లీ నీలమైంది. మా వాడికి తూకాలన్నింటి కంటే అదే నచ్చింది.

ఆగస్టు 3

ఇక సంచి సరుకు. నడుమ నుంచి తీసిన నీలి పలుకులు 5.00 గ్రాములలో 1.80 తగ్గాయి, అంటే 36.0 శాతం. పైపొరలోని తెల్లబారిన పొడి 5.03లో 1.74 తగ్గింది, అంటే 34.6. మట్టి, ఇతర మలినాలు కలిసినా నష్టం తగ్గినట్టే కనిపిస్తుంది కాబట్టి ఈ తేడా అంతా పోయిన నీరేనని చెప్పలేను. అంతా నీరే అనుకున్నా, కిలోలో కాపర్ సల్ఫేటు 639 గ్రాములకు బదులు 654 ఉంటుంది. అంటే 23 గ్రాముల మైలుతుత్తం ఎక్కువ వేసినట్టు. సున్నం నాణ్యతలో ఉండే తేడాల ముందు ఇది లెక్కలోకి రాదు. పేస్టుకు పాత కొలతే వాడుతున్నాను, సంచి మూతి మాత్రం బిగించి కట్టాను.

ఆగస్టు 17

ఫ్లోరైడు నీటిని శుద్ధి చేసే నల్లగొండ పద్ధతి పుణ్యమా అని ఈ జిల్లాలో పటిక పేరు అందరికీ తెలిసినదే. ఆ పద్ధతిలో వాడేది అల్యూమినియం సల్ఫేటు; ఇదే తూకం పద్ధతిని పటిక మీద కూడా చూద్దామని నేను తెచ్చినది కిరాణా కొట్టులో దొరికే పొటాష్ పటిక. ఇందులో పన్నెండు నీటి అణువులు, బరువులో 45.6 శాతం నీరు ఉండాలి. ఇసుక వేడి నూరు దాటకముందే పటిక తన నీటిలో తానే కరిగి, కొంతసేపటికి బూరెలా పొంగి మూతను పైకి లేపి, అంచు మీదుగా ఇసుకలోకి పొర్లింది. ఆ తూకం రాయలేదు. ఒకటిన్నర గ్రాముతో చేస్తే పొంగదు కానీ, అంత తక్కువకు నా కాటా తప్పు 1.3 శాతం దాకా పెరుగుతుంది. పెద్ద మూస కోసం చెప్పి పెట్టాను.