చూసేవాళ్ళు ఇంటికే వస్తున్నారు, బిడ్డే ఆ ఇంట్లో ఉండట్లేదు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్ళలో తొలి కాన్పంటే పుట్టింట్లోనే. ఆ పుట్టిల్లు చాలాసార్లు సరిహద్దు దాటి, ఆంధ్రాలోని పాతపట్నంలోనో పార్వతీపురంలోనో ఉంటుంది. ఇంటికొచ్చి బిడ్డ ఎదుగుదల చూసే లెక్క తప్పేది అక్కడే. 2011లో వచ్చిన పథకం ప్రకారం ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికెళ్ళి చూడాలి. 2018 నుంచి 3, 6, 9, 12, 15 నెలలకు మరో ఐదుసార్లు. మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డలు అత్తారింటికి వచ్చేస్తారు. మొదటి ఆరూ ఆంధ్రా ఆశా చూస్తుంది, తర్వాతవి ఒడిశా దీదీ (అక్కడి ఆశా) చూడాలి. ప్రయాణాల మధ్య మూడో నెలది ఎవరికీ అందకుండా పోతుంది. మెడ నిలుస్తోందా లేదా తేలడం మొదలయ్యే రోజులవి.

అందుకే బయల్దేరే ముందే అత్తారింటి ఊరి దీదీకి ఫోన్ చేయించండి. ఎంసీపీ కార్డుతో (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) పాటు డిశ్చార్జి కాగితం కూడా రావాలి. ఎన్ని వారాలకు పుట్టింది, ఎంత బరువు, పుట్టగానే ఏడ్చిందా, కామెర్లకు లైటు కింద పెట్టారా అన్నవి అందులోనే ఉంటాయి. ఇక్కడి కార్డు ఒడియాలో ఉన్నా బొమ్మలు చూసి పోల్చుకోవచ్చు. "అన్నీ చేస్తున్నాడు" అని ఇంట్లోవాళ్ళు అన్న మాట నమ్మకుండా, బిడ్డచేత చేయించి చూడాలి.

రెండు నెలలకు పలకరిస్తే నవ్వు, నాలుగైదు నెలలకు మెడ నిలవడం, తొమ్మిదికి ఆనుకోకుండా కూర్చోవడం, పద్దెనిమిదికి నడక. నెలలు తక్కువగా పుడితే ఆ తక్కువైనవి తీసెయ్యాలి. 32 వారాలకు పుట్టిన బిడ్డకు ఆరో నెలంటే నాలుగో నెల కింద లెక్క. రెండేళ్ళ దాకా ఇలాగే. తీసేశాక కూడా వెనకబడితే మాత్రం "నెల తక్కువ పిల్ల కదా" అనడం కుదరదు. నాలుగు నెలలు దాటినా పిడికిళ్ళు విప్పకపోవడం, ఏడాది నిండకముందే ఒకే చెయ్యి వాడటం, కాళ్ళు బిగుసుకుని ఒకదానిమీదొకటి మెలిపడటం, అంతకుముందు నేర్చిన పని మర్చిపోవడం కనిపిస్తే ఆ వారమే జిల్లా ఆసుపత్రికి వెళ్ళాలి. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం) కింద పెట్టిన డీఈఐసీలు, అంటే ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రాలు, ఉండేది ఇందుకే. ఆ పథకం బృందం అంగన్‌వాడీకి వచ్చేది ఏడాదికి రెండుసార్లు. దానికోసం కూర్చుంటే నెలలు పోతాయి.

అక్కడ థెరపిస్టు వ్యాయామాలు చూపేది అరగంట. మిగతా రోజంతా బిడ్డ నీళ్ళు పోసే అమ్మమ్మ చేతిలోనో నాయనమ్మ చేతిలోనో ఉంటుంది కాబట్టి నేర్పాల్సింది ఆవిడకి. అదీ పది వ్యాయామాలు కాదు, రెండు. 2024లో అంగన్‌వాడీలకు వచ్చిన నవచేతన అనే మార్గదర్శికలో 36 నెలల ఆటల క్యాలెండరు ఉంది గానీ, ఎదుగుదల ఆలస్యమైన బిడ్డకు అందులోంచి ఏరుకోవాలి, అన్నీ కాదు.

కాళ్ళమీద బోర్లా వేసి నీళ్ళు పోయడం మనకు ఎటూ ఉంది. తుడిచాక, పాలు పట్టకముందే, చాపమీద బోర్లా వెయ్యండి. పట్టాక వేస్తే కక్కుతుంది. పాత నేత చీరను ఉండలా చుట్టి బిడ్డ రొమ్ము కింద పెట్టాలి. పొట్ట కిందకి జారితే తల లేవదు. మోచేతులు భుజాల కన్నా ముందుకుండాలి. ముఖానికి జానెడు దూరంలో మీ ముఖం పెట్టి పిలవండి. రెండు మూడు నిమిషాలు, రోజుకు నాలుగైదుసార్లు చాలు, బిడ్డ మేలుకుని ఉన్నప్పుడే. బిగుసుకున్న కాళ్ళు లాగకూడదు. ముందు మోకాళ్ళు మడిచి, మెల్లగా విడదియ్యాలి. చెవుల్లో, ముక్కులో నూనె వద్దు. వాకర్ అసలే వద్దు, మునివేళ్ళమీద నిలబడటం అలవాటై పిక్కలు ఇంకా బిగుస్తాయి.

ఒక్క పని మాత్రం అత్తారింటికి వచ్చేదాకా ఆగదు. 34 వారాల లోపు, లేదా 2 కిలోల లోపు పుట్టిన బిడ్డకు 30 రోజుల్లోగా కంటి రెటీనా పరీక్ష పుట్టింటివాళ్ళే చేయించాలి. నెలలోపు చెవి పరీక్ష కూడా. అందులో తేడా ఉంటే మూడో నెలకల్లా నిర్ధారణ, ఆరో నెలకల్లా వినికిడి సాయం మొదలవ్వాలి.