లిఫ్టు తలుపు మీది అక్షరం: నా అనుభవం

హాంకాంగ్‌లో మేం అద్దెకు దిగింది 19వ అంతస్తులో. ఒక సాయంత్రం కూరగాయల సంచులతో వచ్చేసరికి, ఉన్న రెండు లిఫ్టుల్లో ఒకదాని తలుపు మీద చేత్తో రాసిన కాగితం అంటించి ఉంది. రెండే చైనీస్ అక్షరాలు. మొదటిది 'పాడైంది' అని తెలుసు. రెండోది ఎప్పుడూ చూడలేదు. ఎడమ సగం బండి, కుడి సగం 'నిలబడు'.

రాత్రి నిఘంటువు తీశాను. చైనీస్ నిఘంటువులో అక్షరాలను వాటిలోని ఒక భాగాన్ని బట్టి, తర్వాత మిగిలిన గీతల లెక్కను బట్టి వెతకాలి. బండి భాగం కింద, మిగిలిన 5 గీతల వరుసంతా వేలు పెట్టి వెతికాను. లేదు. నా దగ్గరున్నది చైనా అధికార భాష మాండరిన్ నిఘంటువు. ఇది హాంకాంగ్‌లో మాట్లాడే కాంటనీస్ వాళ్ల అక్షరమని అప్పటికి తెలియదు.

మర్నాడు వాచ్‌మన్ పెద్దాయన్ని అడిగితే "లిప్" అన్నారు. అర్థం కాలేదు. గొంతు పైకెత్తి, చివర పెదాలు మూసేసి మళ్లీ అన్నారు: "లిప్". అప్పుడు వెలిగింది, అది మన లిఫ్టే! కాంటనీస్ మాట చివర 'ఫ్ట్' నిలవదు, 'ప్' దగ్గరే ఆగిపోతుంది. మనం అదే మాటకు చివర ఉకారం చేర్చుకున్నాం. 'నిలబడు' అక్షరాన్ని వాళ్లు 'లాప్' అని పలుకుతారు, శబ్దం అక్కడి నుంచి వచ్చింది. అర్థం కూడా ఎంత చక్కగా కుదిరిందో చూడండి: నిలబడి వెళ్లే బండి! ఆ రోజంతా దాన్నే కాగితాల మీద రాస్తూ కూర్చున్నాను.

టైప్ చేయడం మాత్రం టెన్షన్ పెట్టింది. కాంటనీస్ కీబోర్డు వేసుకుని పంపితే స్నేహితురాలి పాత ఫోన్‌లో ఖాళీ డబ్బా కనిపించింది. ఒకప్పుడు మన తెలుగు కూడా ఇలాగే డబ్బాలుగా కనిపించేది కదా, ప్రాణం ఉసూరుమంది. ఇలాంటి స్థానిక అక్షరాల కోసం హాంకాంగ్ ప్రభుత్వం 1999లో ప్రత్యేక జాబితా తెచ్చింది. 2001లో ఈ లిప్ అక్షరం, కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ వాడే ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్‌లోకీ చేరింది. అయినా అన్ని ఫాంట్లలో ఉండదు. అందుకే చాలామంది ఇంగ్లీషులోనే లిఫ్ట్ అని కొట్టేస్తారు.

ప్రభుత్వ నోటీసుల్లో 'ఎక్కి దిగే యంత్రం' అనే పెద్ద మాట ఉంటుంది. ఇళ్లలో అందరి నోటా లిప్పే. లిఫ్టు ఎక్కడం 'తాప్ లిప్', అందులో ఇరుక్కుపోతే 'ఖ్వన్ లిప్'.

మొన్న మళ్లీ ఒక లిఫ్టు ఆగింది. పెద్దాయన పెన్ను తీస్తుంటే నేను రాస్తానన్నాను. బండి నిలువు గీత చివర్న గీయాలని వేలితో గాల్లో రాసి చూపించారు. అలాగే గీశాను. టేపు తెచ్చి అంటించారు.