ఫోన్ చెయ్యి ఎందుకు వదలదు?

నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల రూముల్లో గ్రూప్స్‌కు చదివే పిల్లలను చూడండి. నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో తెల్వదు, రిజల్టు ఎప్పుడో తెల్వదు. ఇంటి నుంచి ఫోనొస్తే ఒకటే మాట: "ఏమైంది బిడ్డా?" ఆ గుబులు పుట్టగానే చెయ్యి రీల్స్ మీదికి పోతది. రెండు నిమిషాలు గుబులు తగ్గుతది. ఆ తగ్గుడే అసలు గాలం. సరదాకు చూసేటోళ్లకన్నా బాధ మరువడానికి చూసేటోళ్లే ఎక్కువ ఇరుక్కుంటరు.

ఇంకోటుంది. పది వీడియోలు చప్పగా పోయి పదకొండోది నవ్విస్తది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలతో చూపించింది ఇదే: బటన్ పొడిస్తే గింజ ఎప్పుడు పడుతదో తెల్వనప్పుడే పావురం విడవకుండా పొడుస్తది.

ఫోన్ మొత్తానికే బంద్ పెట్టుడు అయ్యే పని కాదు. హాల్‌టికెట్లు, క్లాసు గ్రూపులు అందులోనే ఉంటయి. వారం రోజులు కాగితం మీద రాయండి: ఫోన్ తీసిన టైం, అంతకుముందు మనసులో ఏముంది. ఒకే గంట మళ్లీ మళ్లీ కనబడుతది, చాలామందికి రాత్రి 10 దాటినంక. ఆ గంటనే పట్టుకోండి. ఛార్జర్ మంచానికి దూరంగా, అలారానికి మామూలు గడియారం. మొదట్ల నాలుగైదు రోజులు చిరాకు, నిద్ర పట్టకపోవుడు ఉంటది. అక్కడే చాలామంది వదిలేస్తరు. నిద్ర, తిండి, చదువు నెలల తరబడి దెబ్బతింటే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యండి. పైసలు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు.