వెల్క్రోలో గడ్డి గింజ

క్యాంప్‌బెల్ దీవిలో దిగే ముందురోజు ఓడలో మా బట్టలన్నిటికీ వాక్యూమ్ పట్టించారు. నా జాకెట్ వెల్క్రోలో ఒక్క గడ్డి గింజ దొరికింది, మా పెరట్లోదే కావచ్చు. గైడ్ దాన్ని పట్టకారుతో తీసి చూపిస్తే, బంగారం స్మగ్లింగ్ చేస్తూ పట్టుబడ్డట్టు అయింది నా పని!

న్యూజిలాండ్ చివరన ఉన్న బ్లఫ్ రేవుకు ఇంకా ఇంచుమించు 700 కిలోమీటర్లు దక్షిణాన ఉంటుంది ఈ దీవి. 1995లో వాతావరణ కేంద్రం సిబ్బంది కూడా వచ్చేశాక అక్కడ మనుషులెవరూ కాపురం ఉండట్లేదు. పర్మిట్ లేనిదే కాలు పెట్టనివ్వరు.

ఈ చాదస్తానికి కారణం ఉంది: బయటి నుంచి వచ్చే గింజైనా, జంతువైనా అక్కడి జీవాలకు ముప్పే. ఒకప్పుడు ఓడల్లో వచ్చిన ఎలుకలు అక్కడి చాలా పక్షుల్ని ఊడ్చిపెట్టేశాయి. 2001లో హెలికాప్టర్లతో సుమారు 120 టన్నుల విషపు ఎర చల్లి వాటిని వదిలించుకున్నారు. ఎగరలేని టీల్ బాతుల్ని 2004లో మళ్లీ తెచ్చి వదిలారు.

చెక్కబాట పక్కనే గూట్లో రాయల్ ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షి కూర్చుని ఉంది. రెక్కలు చాపితే మూడు మీటర్లు. మావైపు కనీసం తల కూడా తిప్పలేదు. అరగంట సేపు, ఆ చలిగాలిలో, నాకు వేరే ఏమీ గుర్తు రాలేదు.

ఆ ఆల్బట్రాస్ ఫోటో పంపితే అమ్మ అంది: "ఇంత డబ్బు పోసి బాతుని చూడ్డానికి వెళ్లావురా?"