మా గైడ్ డాగ్ గుర్రుమనడం మొదలుపెట్టాక: నా అనుభవం

గైడ్ డాగ్ (చూపులేనివాళ్లని నడిపించడానికి శిక్షణ పొందిన కుక్క) వాడేవాళ్లు తమలో తాము కూడా గట్టిగా మాట్లాడుకోని విషయం ఒకటుంది, కుక్కకి కోపం రావడం. అంత శిక్షణ పొందిన కుక్క కూడా గుర్రుమంటుందా, ఇంకో కుక్క మీదకి వెళ్తుందా అంటే, వెళ్తుంది. మా టెస్సా వెళ్లింది. అప్పుడు ఏం చేయాలి, ముందు ఎవరికి చెప్పాలి, చెబితే కుక్కని తీసుకెళ్లిపోతారేమో అన్న టెన్షన్‌తో నేను వెతికినప్పుడు తెలుగులో ఒక్క ముక్క దొరకలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది తెనాలి పక్కన పల్లెటూరు, పెళ్లయ్యాక న్యూజెర్సీ వచ్చాం. చిన్నప్పుడు రేచీకటి అన్నారు, తర్వాత రెటినైటిస్ పిగ్మెంటోసా, అంటే మెల్లమెల్లగా చూపు పోయే కంటి జబ్బు అని తేలింది, ముప్పై దాటేసరికి వెలుతురు ఉందో లేదో తెలియడం తప్ప చూపు మిగల్లేదు. ఉద్యోగానికి రోజూ ట్రైన్‌లో వెళ్లాలి. మొదట్లో కేన్‌తో, అంటే తెల్ల కర్రతో వెళ్లేదాన్ని, తర్వాత టెస్సా వచ్చింది, నల్ల లాబ్రడార్. మా రాష్ట్రంలోనే మోరిస్‌టౌన్‌లో సీయింగ్ ఐ అని 1929లో మొదలైన గైడ్ డాగ్ స్కూల్ ఉంది, అమెరికాలో అన్నిటికన్నా పాతది, కాబట్టి ఇక్కడి జనానికి హార్నెస్ (ఒంటికి కట్టే పట్టీలు, మనం పట్టుకునే హ్యాండిల్) వేసుకున్న కుక్క కొత్త కాదు. నేను టెస్సాని తెచ్చుకున్నది మాత్రం వేరే రాష్ట్రంలోని స్కూల్ నుంచి.

ఈ కుక్కలు ఎలా తయారవుతాయో తెలిస్తే మిగతాది అర్థమవుతుంది. రెండు నెలల పిల్లగా ఉన్నప్పుడే వలంటీర్ కుటుంబాల ఇళ్లకి ఇస్తారు, వాళ్లు ఏడాది దాటేదాకా పెంచి, బస్సులకీ జనానికీ చప్పుళ్లకీ అలవాటు చేస్తారు. తర్వాత స్కూల్‌కి తిరిగొచ్చి కొన్ని నెలలు హార్నెస్ పని నేర్చుకుంటాయి. మనుషుల మీద గానీ కుక్కల మీద గానీ దూకుడు చూపించేవాటిని అక్కడే ఆపేస్తారు, భయపడేవాటినీ ఆపేస్తారు. అన్ని వడపోతలు దాటి మన చేతికొచ్చిన కుక్క ఉన్నట్టుండి గుర్రుమందంటే దాని వెనక చాలాసార్లు ఏదో కారణం ఉంటుంది. ఎక్కడో నొప్పి, లేదా భయం.

మా విషయంలో రెండూ ఉన్నాయి. మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో కిందికి దిగుతుంటే మధ్యలో తలుపు తెరుచుకుంది, అవతలి నుంచి పొడవు సాగే లీష్ మీద ఉన్న కుక్క ఒకటి లోపలికి దూకింది. నాకు వినిపించింది గోళ్ల చప్పుడు, ఆ తర్వాత టెస్సా అరుపు. హార్నెస్ హ్యాండిల్ నా చేతిలోనే మెలి తిరిగింది. ఆ కుక్క యజమాని "ఏం చేయదు, ఆడుకోవాలనుకుంటోంది" అంటూనే ఉన్నాడు. టెస్సా చెవి కింద తడిమితే వేళ్లకి తడి తగిలింది. అదే రోజు వెట్ (పశువైద్యుడి) దగ్గరికి తీసుకెళ్లాం, పోలీసులకి రిపోర్ట్ ఇచ్చాం, స్కూల్‌కి ఫోన్ చేశాం. న్యూజెర్సీలో 2014 నుంచి డస్టీస్ లా అని ఒక చట్టం ఉంది, గైడ్ డాగ్‌ని గాయపరచినా, దాని పనికి అడ్డు తగిలినా, తన కుక్కని అలా చేయనిచ్చినా నేరం కిందికి వస్తుంది. గైడ్ డాగ్ మీద ఇంకో కుక్క దాడి చేస్తే దాన్ని కుక్కల గొడవ అని వదిలేయకండి. రిపోర్ట్ కాగితం మీద ఉండాలి. నాకు అది తర్వాత చాలా అక్కరకొచ్చింది, ఎందుకంటే స్కూల్ వాళ్లు మొదట అడిగింది దాని కాపీనే.

గాయం మానింది. కానీ లిఫ్ట్ దగ్గరికి రాగానే టెస్సా నడక మారిపోయేది. తర్వాత ఓ రోజు కారిడార్‌లో చిన్న కుక్క ఎదురైతే గొంతులోనే గుర్రుమంది, నా చెవికి వినిపించడం కన్నా హ్యాండిల్‌లో వణుకులా తెలిసింది. ఆ వారంలోనే స్టేషన్ ప్లాట్‌ఫారం మీద ఎవరిదో కుక్క దగ్గరికి వచ్చేసరికి గట్టిగా మొరిగి దాని మీదకి దూకబోయింది. ప్లాట్‌ఫారం అంచు నాకు ఎంత దూరంలో ఉందో ఆ క్షణంలో నాకు తెలియదు. అసలు భయం అక్కడ ఉంది. చూపున్నవాళ్ల కుక్క మొరిగితే పరువు సమస్య, పట్టాల పక్కన నన్ను నడిపించే కుక్క తన పని మర్చిపోయి పక్కకి లాగితే అది నా ప్రాణం మీదకి వచ్చే విషయం.

ఆ రోజు ఇంటికి వెనక్కి వచ్చేశాను. ఇక్కడ చట్టం గురించి ఒక మాట చెప్పాలి, మనవాళ్లలో చాలామంది సర్వీస్ డాగ్‌ని (వైకల్యం ఉన్నవాళ్లకి సాయంగా శిక్షణ పొందిన కుక్క, గైడ్ డాగ్ కూడా అందులోదే) ఎవరూ ఏమీ అనడానికి లేదనుకుంటారు. ఏడీఏ (వైకల్యం ఉన్నవాళ్ల హక్కుల అమెరికా చట్టం) కింద హోటల్ వాళ్లు గానీ షాపు వాళ్లు గానీ అడగగలిగేవి రెండే ప్రశ్నలు, ఇది వైకల్యం వల్ల అవసరమైన సర్వీస్ డాగేనా, ఏ పని చేయడానికి శిక్షణ ఇచ్చారు అని. కాగితాలు చూపించమనకూడదు. కానీ కుక్క అదుపు తప్పి, మనం దాన్ని అదుపులోకి తెచ్చుకోలేకపోతే దాన్ని బయటికి పంపమనే హక్కు వాళ్లకి ఉంది (మనిషికి మాత్రం కుక్క లేకుండా సేవ ఇవ్వాల్సిందే). ఆ నియమం సరైందే అని నేను అనుకుంటాను. గుర్రుమనే కుక్కతో నేను లోపలికి వెళ్తే నా వెనక వచ్చే ఇంకో గైడ్ డాగ్‌కి ఆ తలుపు దగ్గర ఇబ్బంది అవుతుంది.

స్కూల్‌కి మళ్లీ ఫోన్ చేశాను. చేతులు చల్లబడిపోయాయి, ఎందుకంటే గైడ్ డాగ్ వాడేవాళ్ల మా గుంపులో ఒకావిడ "చెప్పకు, తీసేసుకుంటారు" అని అప్పటికే భయపెట్టింది. అలా ఏమీ జరగలేదు. అవతలావిడ అరగంట పైగా ప్రశ్నలు వేసింది. హార్నెస్ మీద ఉందా, ఉత్త లీష్ మీద ఉందా? అవతలి కుక్క ఎదురుగా వచ్చిందా, వెనక నుంచా? మొరిగాక ఎంతసేపటికి తేరుకుంది, తిండి ఇస్తే తీసుకుందా? ఇంట్లో మా బాబుతో ఎలా ఉంటోంది, గిన్నె దగ్గరికి వెళ్తే ఏమైనా అంటోందా? మనుషుల మీద ఎప్పుడైనా? మనుషుల మీద ఎప్పుడూ లేదు. బాబు దాని మీద పడుకుని బొమ్మల పుస్తకం చదువుకుంటాడు. "హార్నెస్ వెంటనే ఆపండి, కేన్ వాడండి, ముందు వెట్ చూడాలి" అంది.

అమ్మకి ఫోన్‌లో చెబితే, "కరిచే కుక్కని ఇంట్లో పెట్టుకోకే తల్లీ, పిల్లాడున్నాడు" అని ఒకటే గోల. తనని తప్పు పట్టను. మన ఊళ్లో కుక్క కరవడమంటే రేబిస్, బొడ్డు చుట్టూ ఇంజెక్షన్ల రోజులు అమ్మకి ఇంకా గుర్తే. టెస్సాకి అన్ని టీకాలూ ఉన్నాయని, అది ఎవర్నీ కరవలేదని, భయపడిన కుక్క "దూరంగా ఉండు" అని చెప్పే పద్ధతే గుర్రుమనడమని ఓపిగ్గా చెప్పాను. సగం నమ్మింది.

వెట్ పరీక్ష మామూలు చెకప్‌లా ఉండదు. చెవులు, పళ్లు, కళ్లు, రక్తం, థైరాయిడ్, తుంటి కీళ్లకీ మెడకీ ఎక్స్‌రేలు. కుక్కలు చాలాసార్లు నొప్పిని బయటికి చూపించవు, ఆకలి తగ్గకపోవచ్చు, తోక ఊపుతూనే ఉండొచ్చు. కాటు పడ్డ వైపు మెడ మీద ఒకచోట నొక్కితే టెస్సా తల గిరుక్కున తిప్పింది. పైన చర్మం మానింది కానీ లోపల కండరం ఇంకా పట్టేసి ఉంది, హార్నెస్ పట్టీ లాగినప్పుడల్లా అక్కడ నొప్పి. మందులు, విశ్రాంతి. కొన్ని వారాలకి నొక్కితే ఏమీ అనలేదు. కొంత తగ్గింది కూడా, లిఫ్ట్ ఎక్కడానికి మొరాయించడం మానేసింది. కుక్కల్ని చూస్తే బిగుసుకుపోవడం మాత్రం పోలేదు.

అప్పుడు స్కూల్ నుంచి ట్రైనర్ ఇంటికి వచ్చాడు. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, గైడ్ డాగ్ వాడే ఎవరికైనా పనికొచ్చేది ఇదే.

కుక్కకి కోపం వస్తోందని చూపున్నవాళ్లు ముందే పసిగట్టగలరు, వీపు మీద వెంట్రుకలు లేస్తాయి, తోక బిగుస్తుంది, కంట్లో తెల్లభాగం కనిపిస్తుంది. ఇవేవీ నాకు కనిపించవు కదా. ఆయన నా ఎడమ చేతిని హ్యాండిల్ మీద పెట్టించి, దూరంగా ఇంకో కుక్కని నడిపిస్తూ ఏం తెలుస్తోందో చెప్పమన్నాడు. మొదట ఏమీ తెలియలేదు. మళ్లీ మళ్లీ చేశాక దొరికింది. ముందు ఊపిరి ఆగుతుంది. నడుస్తున్నప్పుడు టెస్సా వగర్చే చప్పుడు ఎప్పుడూ నా మోకాలి దగ్గర వినిపిస్తుంటుంది, అది ఠక్కున ఆగిందంటే నోరు మూసుకుందని. తర్వాత అడుగు చిన్నదవుతుంది, హ్యాండిల్ కొద్దిగా పైకి లేస్తుంది, అంటే బరువు ముందు కాళ్ల మీదకి వెళ్లి తల ఎత్తిందన్నమాట. హ్యాండిల్ అటూ ఇటూ ఊగడం మానేసి కర్రలా నిలబడిపోతుంది. గుర్రుమనడం వీటన్నిటి తర్వాత. ఊపిరి ఆగిన చోటే పక్కకి తిప్పేస్తే గుర్రు దాకా పోదు.

గుర్రుమన్నప్పుడు లీష్ లాగి గదమాయించడం వద్దన్నాడు. వెనకటి రోజుల్లో ఆ పద్ధతి చాలాచోట్ల ఉండేది, ఇప్పుడు చాలా స్కూళ్లు తిండి ఇచ్చి నేర్పే పద్ధతికి మారాయి. కారణం ఆయన చెప్పింది నాకు బాగా ఎక్కింది. గదిమితే కుక్క భయం పోదు, గుర్రుమనడం ఒక్కటే పోతుంది, అప్పుడు హెచ్చరిక లేకుండా నేరుగా కరిచే కుక్క తయారవుతుంది. కళ్లు కనిపించని మనిషికి ఆ హెచ్చరిక ఇంకా ఎక్కువ అవసరం.

ప్రాక్టీస్ ఖాళీ పార్కింగ్ లాట్‌లో. ఆయన తెచ్చిన నెమ్మదైన ముసలి గోల్డెన్ రిట్రీవర్ మెడకి చిన్న గంట కట్టాడు. లాట్ అటు చివర గంట వినిపించగానే నేను టెస్సాకి ఒక్కో గింజ తిండి ఇవ్వాలి, గంట ఆగితే తిండి ఆగాలి. కుక్క కనిపిస్తే మంచి జరుగుతుంది అని దానికి ఎక్కాలి, అంతే. రోజులు గడిచేకొద్దీ గంట దగ్గరికి వచ్చింది, తర్వాత గంట తీసేసి మావారు పక్కన నిలబడి "కుక్క" అని చెప్పేవారు. మంచి రోజున చాలా దగ్గరికి వచ్చినా టెస్సా నా చెయ్యి వైపే చూసేది. కానీ ఉదయం లిఫ్ట్‌లో ఒక కుక్క ఎదురై, దారిలో రోడ్డు పని మోత, ఆ పైన ట్రైన్ హారన్, ఇవన్నీ అయ్యాక ఇంకో కుక్క కనిపిస్తే ఆగేది కాదు. పాలు పొంగేది చివరి నిమిషంలోనే అయినా మంట ముందు నుంచీ ఉంటుంది కదా, అలా.

ఈలోగా డాలస్‌లో మా పిన్ని కూతురి పెళ్లి. విమానంలో సర్వీస్ డాగ్‌ని తీసుకెళ్లాలంటే 2021 జనవరి నుంచి అమెరికా రవాణా శాఖ ఫారం ఎయిర్‌లైన్ అడగవచ్చు. అందులో కుక్క ఆరోగ్యం, శిక్షణ, ప్రవర్తన గురించి మనమే హామీ ఇచ్చి సంతకం పెట్టాలి, మనకు తెలిసినంతవరకు మనుషులతో గానీ కుక్కలతో గానీ దూకుడుగా ప్రవర్తించలేదని కూడా. తెలిసి అబద్ధం రాస్తే నేరం. మావారు కర్సర్ ఆ గడి దగ్గర ఆపి ఏమీ అనలేదు. నేను సంతకం పెట్టలేదు. కేన్‌తో వెళ్లాను, టెస్సా మావారితో ఇంట్లో ఉంది.

ట్రైనర్ చివరిసారి వచ్చినప్పుడు మాతో పాటు స్టేషన్‌కి వచ్చాడు. టెస్సా లీష్ మీద, నేను కేన్‌తో. కొంత దూరం ఉంటే చాలు టెస్సా హాయిగా ఉంటుంది అన్నాడు. ఆ కొంత దూరం ప్లాట్‌ఫారం మీద దొరకదు, లిఫ్ట్‌లో అసలే దొరకదు. పెంపుడు కుక్కైతే దారి మార్చుకుని వెళ్లొచ్చు, గైడ్ డాగ్ పనే ఏ దారిలోనైనా అన్నిటినీ దాటించి తీసుకెళ్లడం. పనిలోంచి తప్పిద్దాం అన్నాడు. నాకూ అప్పటికే అదే అనిపిస్తోంది, అయినా ఆయన నోటి వెంట వినగానే ఏడ్చేశాను, ఆయన టెస్సా మెడ నిమురుతూ చాలాసేపు కూర్చున్నాడు.

రిటైర్ అయిన కుక్కని మనమే పెంపుడు కుక్కగా ఉంచుకోవచ్చు, లేదంటే పిల్లగా పెంచిన కుటుంబాన్ని అడుగుతారు. మాకు ఉంచుకోవాలనే ఉంది. కానీ మా బిల్డింగ్‌లో ప్రతి అంతస్తులో కుక్కలున్నాయి, రోజుకి నాలుగుసార్లు అదే లిఫ్ట్‌లో దాన్ని దింపాలి. దాన్ని పెంచినవాళ్లది పెన్సిల్వేనియాలో పెరడున్న ఇల్లు, వాళ్ల పాత కుక్కతో టెస్సాకి చిన్నప్పటి నుంచి స్నేహం. తెలిసిన కుక్కలతో దానికి ఏ గొడవా లేదు. అక్కడికే పంపాం. కారులోంచి దూకి తిన్నగా వెనక గుమ్మం దగ్గరికి పరిగెత్తిందని ఆవిడ చెప్పింది.

ఇప్పుడు రెండో కుక్క కోసం అప్లికేషన్ పెట్టాను, వెయిటింగ్ లిస్టులో ఉన్నాను. పోయిన నెల జూనో వాక్ అయింది, అంటే ట్రైనర్ కుక్క స్థానంలో ఉండి హార్నెస్ ముందు భాగం పట్టుకుని లాగుతూ నడుస్తాడు, మన వేగం ఎంత, ఎంత లాగుడు పడుతుంది అన్నది చూసుకుంటారు. ఈసారి లిఫ్ట్ దాకా రమ్మని అడిగాను. మధ్యాహ్నం వేళ ఎన్ని కుక్కలు ఎక్కి దిగుతాయో ఆయనే నిలబడి విన్నాడు, ఇరుకు చోట్లలో కొత్త కుక్కల్ని పట్టించుకోని కుక్కే కావాలని, వేగం కాస్త తక్కువైనా ఫర్వాలేదని నా ఫైల్‌లో రాసుకున్నాడు.